ఇసుక కింద నడిచే ఏరు

అనగనగా ఒక ఎండల సీమలో, రాళ్ళ కొండలకీ ఎర్ర లోయకీ మధ్య ఒక ఏరు. ఏరంటే నీళ్ళుంటాయనుకునేరు! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే. నవ్వకండర్రా, అయినా అది ఏరే. ఎందుకో చెప్తా వినండి.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. చెంగలి అనే జింక తన పిల్ల చిన్నిని వెంటేసుకుని నీళ్ళు వెతుకుతూ బయల్దేరింది. ముందు కొండెక్కింది. కొండ నెత్తిన బండల మధ్య వాన నీళ్ళు నిలిచే దొన ఉంది. అందులో ఎండిన పాచి తప్ప ఏమీ లేదు. తర్వాత లోయ అంచుకెళ్ళింది. అబ్బో, ఏం లోయర్రా అది! తొంగి చూస్తే కళ్ళు తిరుగుతాయి. అంత ఎర్రబండని నిలువునా కోసింది ఎవరనుకున్నారు? ఆ ఏరే! ఎన్ని వేల ఏళ్ళు పారిందో ఏమో. అడుగున మడుగు మెరుస్తోంది గానీ, దిగడానికి దారి లేదు. చివరికి చెరువుకెళ్తే, అది బీటలు వారి ఉంది.

తిరిగొస్తుంటే చిన్ని ఏటి ఇసుకలో కూలబడింది.

"లే నాన్నా, ఇంకాస్త దూరం," అంది చెంగలి ఏడుపు గొంతుతో.

"నేను రాలేనమ్మా. ఇక్కడ పొట్టకి చల్లగా ఉందే," అంది చిన్ని.

చల్లగానా? ఈ ఎండలోనా? చెంగలి గిట్టలతో తవ్వింది. పొడి ఇసుక పోయి తడి ఇసుక వచ్చింది. ఇంకా తవ్వితే గుంటలోకి నీళ్ళు మెల్లగా ఊరాయి! చిన్ని రెండు గుక్కలు తాగి కళ్ళు తెరిచింది.

ఇసుకలో తవ్విన అలాంటి గుంటనే చెలమ అంటారు. కానీ చెంగలి ఏమనుకుంది? "ఇన్నే నీళ్ళు. అందరూ తాగితే నా బిడ్డకేం మిగుల్తాయి?" అనుకుంది. గబగబా కంప లాగి చెలమ మీద కప్పేసింది.

కుందేలు వచ్చింది. "అక్కా, నీళ్ళుండాయా?"

"లేవు పో."

నక్క వచ్చింది. "వదినా, ఒక్క చుక్క?"

"యాడున్నాయి నీళ్ళు!"

ముసలి అడవిపంది రొప్పుతూ వచ్చింది. "చెంగలీ, గొంతెండిపోతోందే."

"లేవు మామా," అంది చెంగలి తల తిప్పుకుని. పంది ఉసూరుమంటూ ఒడ్డెక్కింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. "అమ్మా, దాహం," అంది చిన్ని. చెంగలి కంప తీసి చూసింది. ఎండకి పక్కల ఇసుక జారి చెలమ పూడిపోయింది! తవ్వింది. జారింది. మళ్ళీ తవ్వింది. మళ్ళీ జారింది. సన్నటి గిట్టలు ఎంతకని తవ్వుతాయి? చిన్ని తల వాల్చేసింది.

అప్పుడు చెంగలి సిగ్గు విడిచి ఒడ్డు వైపు అరిచింది. "మామా! అబద్ధం చెప్పాను! ఇక్కడ నీళ్ళుండాయి! నా బిడ్డ పోయేట్టుంది, రా మామా!"

"లేవంటివే!" అని కసిరింది పంది. కసురుతూనే పరుగెత్తుకొచ్చింది. మూతితో వెడల్పుగా తవ్వింది. అరుపు విని వచ్చిన నక్క, కుందేలు ఇసుక వెనక్కి చిమ్మాయి. మొదట ఊరిన బురద నీళ్ళు తోసేసి, తేటపడేదాకా ఆగాయి. ముందు చిన్ని తాగింది. తర్వాత అందరూ తాగారు. తాగినకొద్దీ కింద నుంచి చల్లటి నీళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి.

చెంగలి చెలమలోకి తొంగి చూసింది. "మామా, ఇవి అయిపోవా?"

"ఇదేమన్నా కుండ అనుకున్నావా పిచ్చిదానా? ఏరు! కొండ మీద ఎప్పుడో పడిన వాన, ఇసుక కింద నడుస్తా ఉంది," అంది పంది.

చిన్ని ఇసుకకి చెవి ఆనించి పడుకుంది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వంగి చెవులు ఆనించారు. కాళ్ళ కింద అంత పెద్ద ఏరు నడుస్తోందంటే ఎవరికైనా ఒళ్ళు జలదరించదూ!

ఆ వేసవంతా ఒడ్డున ఎవరు కనబడ్డా, వాళ్ళు అడక్కముందే చెంగలి ఎదురెళ్ళేది. "నీళ్ళుండాయి, రండి," అనేది.

నీతి: అందరిదాన్ని ఒక్కరం దాచుకుంటే, అది మనకీ దక్కదు.