అభ్రకం తలుపు, నిప్పు మంత్రం

మెరుగుమిట్ట అడవిలో ఎక్కడ తవ్వినా అభ్రకమే. పొరలు పొరలుగా ఉండే మెరుపు రాయి అది. ఒక పొర ఊడదీసి పట్టుకుంటే అద్దంలోంచి చూసినట్టు అవతలివన్నీ కనబడతాయి. నిప్పులో వేసినా కాలదు. ఆ అడవిలో కుందేళ్ళు, ఉడతలు, కౌజుపిట్టలు, ఒళ్ళంతా పొలుసులున్న ఒక ముసలి అలుగు, ఒక అడవిపిల్లి ఉండేవి.

అడవిపిల్లి పేరు గండ్రయ్య. వాడి పొగరు వాడి తోక కన్నా పొడవు.

అడవి అంచున ఒక ముని తన శిష్యులకు మంత్రాలు నేర్పేవాడు. గండ్రయ్య ఆ ముని కుటీరం చూరు కింద నక్కి కూర్చుని మొదటి రోజు పాఠం విన్నాడు. నిప్పు మంత్రం వచ్చేసింది. రెండో రోజు పాఠం, ఆ మంత్రం ఎక్కడ ఆగిపోతుందనే దాని గురించి. ఆ రోజు గండ్రయ్య వెళ్ళలేదు. మంత్రం వచ్చేశాక ఇంకా పాఠమెందుకని ఎండలో కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు.

ఇక అడవికి కష్టకాలం మొదలైంది. గండ్రయ్య "ఫట్" అంటే చాలు, వాడి మూతి ముందు గురివింద గింజంత నిప్పు పుట్టేది. అది సూటిగా దూసుకుపోయి, తగిలిన చోట భగ్గున పేలేది. మూడు కుందేళ్ళ పొదలు బూడిదయ్యాయి.

"నా కంటికి కనబడితే చాలు, కాలినట్టే!" అని గండ్రయ్య మీసం దువ్వేవాడు.

ఒక ఉదయం వాడు కౌజుపిట్ట వెంగమ్మ ఇంటికి వచ్చాడు. బండరాతిలో ఒక నెర్రె, దానికి జానెడు వాకిలి. అదే ఆమె ఇల్లు. లోపల అయిదు గుడ్లు పొదుగుతోంది.

"ఏం వెంగమ్మా, పిల్లలెప్పుడు?"

"రేపు బయటికొస్తారన్నా. నీకు దండం పెడతాను, మమ్మల్ని వదిలెయ్యి."

"గుడ్లు నాకు సయించవులే. పిల్లలైతే వేడివేడిగా బాగుంటాయి. రేపొస్తా" అని గండ్రయ్య పెదవులు నాక్కుంటూ వెళ్ళిపోయాడు.

వెంగమ్మ ఏం చేస్తుంది? గుడ్లను మోసుకుపోలేదు, వదిలిపోలేదు. కాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆలోచించడం మొదలుపెట్టింది.

పదహారు రోజులుగా ఆమెకు వాకిట్లోంచి చూడటం తప్ప వేరే పని లేదు. అందుకే ఇంకెవరూ గమనించని సంగతి ఒకటి ఆమె చూసింది. మొన్న గండ్రయ్య ఒక ఉడతకు గురిపెట్టాడు. మధ్యలో ఒక తీగ ఆకు వేలాడుతోంది. నిప్పు ఆ ఆకు మీదే పేలిపోయింది. ఉడత తోకాడించుకుంటూ పోయింది.

సాయంత్రం ముసలి అలుగు పెంచలయ్య చీమల కోసం అటు వచ్చాడు. వెంగమ్మ పిలిచింది.

"మామా, వాడి నిప్పు ముందు దేనికి తగిలితే అక్కడే పేలుతుంది. ఆకు అడ్డమొచ్చినా దాటలేదు."

"అయితే వాకిలికి ఒక రాయి అడ్డం పెట్టనా తల్లీ?"

"రాయైతే కనబడుతుంది మామా. పంజాతో లాగిపారేస్తాడు. అడ్డం ఉండాలి గానీ, ఉన్నట్టు వాడికి తెలియకూడదు."

పెంచలయ్య పొలుసులు గలగలలాడేలా నవ్వాడు. "ఏందమ్మాయ్, రోజూ నేను తవ్వి పారేసేది అదే గదా!"

పొద్దు గూకేలోపు గోళ్ళతో తవ్వి, టేకాకంత అభ్రకం పొర తీశాడు. పొడుగాటి నాలుకతో మట్టి లేకుండా నాకి శుభ్రం చేశాడు. వాకిలికి నిలబెట్టి, అంచులకు తడిమట్టి మెత్తాడు. గాలికి వెనక చిన్న సందు వదిలాడు. ఇల్లు నీడలో ఉంది కాబట్టి అక్కడ తలుపున్నట్టే తెలియలేదు.

తెల్లవారింది. గుడ్లు చిట్లాయి. అయిదు పిల్లలూ పెంకుల్లోంచి తల బయటపెట్టాయి. అప్పుడే గండ్రయ్య వచ్చాడు, ఒంటరిగా కాదు, అడవినంతా వెంటేసుకుని.

"అందరూ చూడండర్రా!" అని అరిచాడు.

వెంగమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. అయినా మంచి మాట చెప్పింది. "గండ్రయ్యన్నా, ఇప్పుడైనా వెనక్కి వెళ్ళు. నీకు తెలియనిది ఒకటుంది."

"నాకు తెలియనిదా? పిట్ట కూడా పాఠం చెప్పేదే!"

చిన్న వాకిట్లోకి గురి తప్పకూడదని గండ్రయ్య మూతి బాగా దగ్గర పెట్టి, "ఫట్" అన్నాడు.

గింజంత నిప్పు వేలెడు దూరం కూడా పోలేదు. అభ్రకానికి తగిలి అక్కడే భగ్గుమంది. లోపలికి దారి లేని మంట, దారి ఉన్న వైపుకే మళ్ళింది. గండ్రయ్య మీసాలు పోయాయి, కనుబొమలు పోయాయి. కాలు కాలిన పిల్లి అంటారు చూశారా, వీడు మూతి కాలిన పిల్లి. కేకలు పెడుతూ వాగులోకి దూకాడు.

"వెంగమ్మ గెలిచింది!" ఉడతలు చెట్లెక్కి అరిచాయి. కుందేళ్ళు వాణ్ణి అడవి దాటేదాకా తరిమాయి. కాలిన మూతితో గండ్రయ్య మళ్ళీ మంత్రం చెప్పబోతే "పుస్" అని మాత్రమే వచ్చింది. దానికి ఎండుటాకు కూడా అంటుకోలేదు.

ఆ వారంలోనే ప్రతి బొరియకూ అభ్రకం తలుపు వచ్చింది. పెంచలయ్యకు ప్రతి ఇంట్లోనూ చీమల విందే.

వెంగమ్మ పిల్లలు పుట్టగానే ఆ తలుపులోంచి ఈ లోకంలో మొదట చూసింది, పారిపోతున్న పిల్లి తోకని. అందుకేనేమో, ఆ వంశంలో ఇంతవరకూ పిరికిపిట్ట పుట్టలేదు.

నీతి: కనబడినంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. సగం నేర్చిన విద్య నేర్చినవాణ్ణే కాలుస్తుంది.