ఈదవ్వ తుమ్ము

అనగా అనగా, ఎండకు ఇంకా తొందర తెలియని కాలంలో, వాగు దగ్గర ఒక ఊరుండేది. ఊరికీ వాగుకీ నడుమ నెమలినార చెట్ల తోపు. ఆ ఊరి బట్టలుతికే మనిషి పేరు ఈదవ్వ.

ఈదవ్వకు ఒకటే బాధ. నెమలినార పూసిందంటే తుమ్ములే తుమ్ములు. ఊళ్ళో అందరికంటే ముందు ఆ పుప్పొడి ఆమె ముక్కుకే తగిలేది. ఆ తర్వాత పిల్లలకు కళ్ళు ఎర్రబడేవి, ఆయాసం వచ్చేది. ఇదీ అదీ ఎవరూ కలిపి చూడలేదు. బయలుదేరిన బండికి ఈదవ్వ తుమ్ము వినిపిస్తే బండి వెనక్కి తిరిగేది. పాపం, తిట్లన్నీ ఆమెకే.

మొదట్లో ఆ పూత కాముని పున్నమికి వచ్చేది. కొన్నేళ్ళకు చలి ముందే పోయి, శివరాత్రికే వచ్చింది. ఆ ఏడు నేతపని చేసే పోశాలు చీరల మోపెత్తుకుని సంతకు బయలుదేరాడు. ఎదురుగా ఈదవ్వ తుమ్మింది. పోశాలు మోపు కిందపడేశాడు.

"నా బతుకు మీద తుమ్ముతవా? ఇగ నా గడప ముందర కనబడకు!"

"చెట్లు తొందరపడుతున్నయి బిడ్డా. నీ పిల్ల మల్లికి ఈ గాలి పడదు. నా లెక్క నువ్వు గూడ తలుపుకు తడిబట్ట కట్టు."

"చాలు తియ్, పో!"

ఈదవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాగు అవతలికి పోయింది. అక్కడే గుడిసె వేసుకుంది.

ఇంకొన్నేళ్ళకు రథసప్తమికే ఎండ మండింది. బావులు అడుగంటాయి. పూత ఎప్పుడూ లేనంత దట్టంగా వచ్చింది. ఊళ్ళో మాత్రం ముందుగా తుమ్మే ఈదవ్వ లేదు, ఏ బండీ ఆగలేదు. ఊరంతా హాయిగా ఉంది.

అంతలో తల్లిలేని పిల్ల మల్లికి ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. పోశాలు బిడ్డను భుజాన వేసుకుని వాగు ఒడ్డుకు పరుగెత్తాడు.

"అవ్వా, తప్పైపోయింది! నా బిడ్డ పోతుందే!"

"ఇంటికి పా. కూసోబెట్టి పట్టుకో. చెయ్యి వదలకు," అంది ఈదవ్వ.

వాగులో బట్ట తడిపి తెచ్చి పోశాలు ఇంటి తలుపుకు కట్టింది. పిల్ల ఎగపోస్తూనే ఉంది. మళ్ళీ తోపులోంచి వాగుకు పోయి, తడిబట్ట తెచ్చి కిటికీకి కట్టింది. పిల్ల కళ్ళు తెరిచింది. మూడోసారి పోయింది. పుప్పొడి మబ్బులా రాలుతోంది. తూలుతూ వచ్చి చూరు సందుకు కట్టింది. పిల్లకు ఊపిరి ఆడింది.

"లోపలికి రా అవ్వా," అన్నాడు పోశాలు.

"నా చీర నిండా పొడే బిడ్డా. నేను రాను."

గడప బయటే గోడకు ఆనుకుని కూర్చుంది. తుమ్ములు వినిపించాయి. కాసేపటికి ఆగిపోయాయి. మల్లి నిద్రపోయాక పోశాలు తడిబట్ట తొలగించి చూశాడు. ఈదవ్వ లేదు, ఆమె ఒళ్ళు మాత్రం ఉంది. పోశాలు కనబడొద్దన్న గడప ముందరే ఆమె ప్రాణం వదిలింది. పోశాలు గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఊరు ఊరంతా సిగ్గుతో తల దించుకుని ఆమెను సాగనంపింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తుమ్ముకు ఏ బండీ ఆగదు. చలి తగ్గితే పండుగ ఎప్పుడని అడగరు, తోపు వైపు చూస్తారు. తోపులోంచి వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకునిగాని పిల్లలను ఎత్తుకోరు. తొలి తుమ్ము ఎవరిదైనా సరే, ఇంటింటా తలుపుకు తడిబట్ట కడతారు. కట్టేముందు గడప మీద చెంబెడు నీళ్ళు పోసి, పెద్దా చిన్నా ఒక్క మాటే అంటారు:

"ఈదవ్వా, లోపలికి రా."