ఉప్పు పోయేదాకా

దర్గాలో వంట చేసే ఖాసింకి తన పులుసు మీద ఎంత ధీమా అంటే, చీపురుపుల్లలు వేసి వండినా జనం వేళ్లు నాక్కుంటారనుకునేవాడు. అలాంటివాడికి ఆ శుక్రవారం పెద్ద చిక్కొచ్చిపడింది. నమాజు అవగానే దర్గా ముందు జనం భోజనానికి కూర్చుంటారు. చూస్తే బుట్ట నిండా చేపలున్నాయి. గురువుగారు కరీముల్లా షా మాత్రం వాటిని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

కారణం లేకపోలేదు. పక్కనున్న ఉప్పు సరస్సులో నాచు విరగబడి పెరిగింది. ఎవరో పసరు పిండి పోసినట్టు నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. చేపలు మత్తెక్కినట్టు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. వాటిని తిన్న పిల్లులు తూలి పడిపోతున్నాయి. చేపలమ్మే పెంచలమ్మ మటుకు, వల వెయ్యకుండానే దొరికాయి, అంతా దర్గా చలవేనని, మనవడి జ్వరం తగ్గినందుకు మొక్కు కింద ఓ బుట్టెడు తెచ్చి పెట్టింది.

"మొక్కు చేపలు పారేస్తే ఆమె మనసు విరిగిపోదా, బాబా?" అన్నాడు ఖాసిం. "చింతపండు దండిగా వేసి, చిక్కగా అయ్యేదాకా మరిగిస్తా. నా పులుసులో మరిగాక ఏ విషం నిలుస్తుంది?"

గురువుగారు గిన్నెలో మంచినీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి కలిపి అతని చేతికిచ్చారు.

"ఈ ఉప్పు పోయేదాకా మరిగించు, బేటా. పోయాక చేపలు వండుకో."

ఇదెంత పని అనుకున్నాడు ఖాసిం. కట్టెలు ఎగదోశాడు. నీళ్లు తెర్లాయి. గరిటెతో కాస్త తీసుకుని, ఊదుకుని నాలిక మీద వేసుకున్నాడు. ముఖం చిట్లించి మళ్లీ మంట పెంచాడు.

పెంచలమ్మ గడప మీద కూర్చుని నవ్వుతోంది. "ఏందన్నా, ఇయ్యాళ ఉప్పుకే పులుసు పెడతా ఉండావా?"

గిన్నెలో నీళ్లు సగమయ్యాయి. అడుగుకు దిగాయి. ఈసారి నాలిక మీద వేసుకున్నది వేసుకున్నట్టే తుపుక్కున ఉమ్మేశాడు.



"ఉప్పు పోలేదు, బాబా," అన్నాడు మెల్లిగా. "నీళ్లే పోయాయి."

పెంచలమ్మ నవ్వు ఆగింది. ఖాసిం పార తీసుకున్నాడు. కుక్కలు తవ్వలేనంత లోతున గొయ్యి తీసి, బుట్టంతా అందులో బోర్లించి మన్ను కప్పాడు. పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాడు.

ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని గురువుగారి ముందు నిలబడింది. "అయితే నా మొక్కు మట్టిపాలేనా, సామీ?"

"మొక్కు ముట్టింది తల్లీ," అన్నారాయన. "చేపల్నే ముట్టొద్దు."