పిచ్చిక కాలు కుట్టు

అనగనగా ఒక ఊళ్ళో ఒక వీధి ఉండేది. వాన పడకపోయినా ఆ వీధి కాలవలో ఎర్రనీళ్ళు పారేవి. ఎందుకంటే అక్కడ ఇంటింటా గుడ్డలకి రంగులు వేసేవాళ్ళే. ఊఁ కొట్టవేం? కొట్టకపోతే ఇక్కడే ఆపేసి గురకపెడతాను. ఆఁ, అలా కొట్టు.

ఆ బొంత వద్దన్నావుగా? పొద్దున నీ నేస్తాలు చూసి నవ్వారనేగా? సరే, కప్పుకోకు. కాళ్ళ దగ్గర ఉండనీ. తన్నకు మాత్రం. కథ విను.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వెళ్ళి, ఇంటికో పాతగుడ్డ ముక్క అడిగి తెచ్చేవారు. కొత్తది పనికిరాదు. ఎవరో ఒకరు కట్టి కట్టి, ఉతికి ఉతికి, మెత్తబడిపోయిన గుడ్డే కావాలి. ముందు వాటిని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసేవారు. ఆ తర్వాత పటిక నీళ్ళలో ముంచేవారు. అప్పుడు మంజిష్ఠ వేరు వేసి పెద్ద రాగి బానలో ఉడికించేవారు. అన్నీ ఒకే బానలో. అన్నిటికీ ఒకే ఎరుపు. పట్టుచీర కట్టే ఇంటి ముక్కేదో, గంజి తాగే ఇంటి ముక్కేదో ఎవరూ కనిపెట్టకూడదని. ఆ తర్వాత ఆడవాళ్ళంతా కూర్చుని బొంత కుట్టి, మూడో నెలలో బిడ్డని ఉయ్యాల్లో వేసేటప్పుడు దాన్ని పరిచేవారు.

ఒక్క ముక్కకి మాత్రం చోటు ఖాయం. బొంత నడిమధ్యన ఉండేది బిడ్డ అమ్మమ్మ ఇచ్చిన ముక్క. బిడ్డ వీపు ఆనేది దానిమీదే.

ఆ వీధికి పేరిందేవి అనే పిల్ల కోడలుగా వచ్చింది. వాళ్ళ అమ్మ పేరు నూకాలు. నూకాలు పక్కూళ్ళో ఉండేది. బతుకంతా ఊరందరికీ బొంతలు కుట్టి ఆ కూతుర్ని పెంచింది. ఎంత కుట్టిందంటే, ఆఖరికి కళ్ళకి పొర కమ్మేసింది. కళ్ళు పోయినా వేళ్ళు పోలేదు. తడుముతూ కుట్టేది. ఏది కుట్టినా ఒక మూల పిచ్చిక కాలు వేసేది. ఏం లేదమ్మా, మూడు కుట్లు ముందుకి, ఒకటి వెనక్కి. అంతే. ఆ కుట్టు చూస్తే చాలు, ఇది నూకాలు చెయ్యి అనేవారు.

పేరిందేవికి ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విని నూకాలు తన పెట్టెలోంచి ఒక పాతచీర తీసింది. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ చీరతోనే జోలె కట్టి వీపున వేసుకుని తిరిగింది. అది అతుకు మీద అతుకు. దాంట్లో గట్టిగా ఉన్న చోటు చూసి ఒక ముక్క కత్తిరించింది. అంచులు మడిచి కుట్టింది. మూల పిచ్చిక కాలు వేసింది. చూపున్నవాళ్ళకి ఒక పూట పని. ఆవిడకి తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు మూట కట్టి, గాజులమ్మే ఆవిడ చేతికిచ్చి పంపింది.

పేరిందేవి ఆ మూట లోపలిగదిలో విప్పింది. ముతక గుడ్డ, దాని మీద మూడు అతుకులు. చూడగానే ఆ పిల్లకి మొహం వేడెక్కిపోయింది. రేపు అత్తగారు అందరి ముందూ మూటలు విప్పుతారు. అప్పుడు ఇది బయటపడితే? ఎంత ఎర్రరంగు వేసినా అతుకు అతుకులాగే కనిపిస్తుంది కదా. అమ్మ పేదదని తెలిస్తే తప్పా? కాదు. అందరికీ తెలిసిందే. అయినా సిగ్గుపడింది. సిగ్గుకి లెక్కలు రావమ్మా.

అప్పుడేం చేసింది? తన పెట్టె అడుగున దాచుకున్న పట్టు రవికెల గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించింది. మూటలో అది పెట్టింది. అమ్మ పంపిన ముక్కని చుట్టి వంటింట్లో పొయ్యి వెనక్కి తోసేసింది.

మర్నాడు అత్తగారు మాణిక్యమ్మ మూట విప్పింది. ఆవిడ ఆ వీధిలో రంగులకి పెద్ద దిక్కు. ముక్కని వేళ్ళ మధ్య పెట్టి నలిపి, "ఏమ్మా, ఇది కట్టిన గుడ్డలా లేదే?" అంది.

"అమ్మ ఒక్కసారే కట్టి దాచుకుందత్తయ్యా," అంది పేరిందేవి.

అది మొదటి అబద్ధం.

ఆ తర్వాత రంగు వేశారు, ఆరేశారు. ఆడవాళ్ళంతా అరుగు మీద కూర్చుని బొంత కుట్టడం మొదలెట్టారు. అప్పుడు అత్తగారు మళ్ళీ అడిగింది. "మీ అమ్మ ఏది కుట్టినా పిచ్చిక కాలు వేస్తుందంటారే. దీనికి లేదేం?"

"ఇప్పుడు అమ్మ సూది పట్టడం లేదత్తయ్యా. కళ్ళు కనిపించడం లేదుగా."

అది రెండోది. తొమ్మిది రోజులు తడుముకుంటూ కుట్టిన మనిషిని పట్టుకుని సూదే పట్టడం లేదంది. నోరెలా వచ్చిందో. అబద్ధం ఒంటరిగా ఉండలేదు తల్లీ, తోడు పిలుచుకుంటుంది.

మరి పొయ్యి వెనక ముక్క ఏమైందంటావా? ఒకరోజు పొయ్యి మీద ఇనప మూకుడు మాడిపోతోంది. చేతికి గుడ్డ అందలేదు. గభాలున ఆ ముక్క లాగి, దాంతో మూకుడు పట్టి దించింది. కావాలని చేసింది కాదు. కానీ ఆ తర్వాత కడిగి దాచిందా? దాచలేదు. పొయ్యి గట్టు మీదే వదిలేసింది. మర్నాడూ దాంతోనే దించింది. ఆ మర్నాడూ అంతే. అలా అలా అది మసిగుడ్డ అయిపోయింది. రోజూ చేత్తో పట్టుకునే మసిగుడ్డని ఎవరు చూస్తారు? అత్తగారూ చూడలేదు. నెల తిరిగేసరికి పేరిందేవీ చూడటం మానేసింది.

మూడో నెల వచ్చింది. ఉయ్యాల వేసే రోజు నూకాలు బండెక్కి వచ్చింది. గుమ్మంలోనే వియ్యపురాలు మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. నూకాలు మనవరాల్ని ఎత్తుకుని మొహమంతా తడిమి, ముద్దులాడింది. అప్పుడు, "ఏదీ వదినగారూ, బొంతేదీ, నా చేతికివ్వండి," అంది.

ఇచ్చారు. ఆవిడ బొంతని ఒళ్ళో పరుచుకుంది. చెయ్యి తిన్నగా నడిమధ్యకి పోయింది. ఒకసారి తడిమింది. నున్నగా తగిలింది. రెండోసారి నాలుగు మూలలూ తడిమింది. మూడోసారి మెల్లిగా, ఒక్కో దారమూ లెక్కపెడుతున్నట్టు తడిమింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కుండానే పేరిందేవి తనే గబగబా దగ్గరికెళ్ళి చెవిలో చెప్పింది.

"అదేనమ్మా నీది. రంగులో ఉడికేసరికి నీ కుట్టు ఊడిపోయింది."

అది మూడోది.

"నా కుట్టు ఊడిందా?" అంది నూకాలు. కాసేపు తన వేళ్ళు తనే నలుపుకుంది. "అలాగా. చేతుల్లో పస తగ్గిపోయిందేమోలే అమ్మలూ. ఇంక కుట్లు మానెయ్యాలి కాబోలు."

విన్నావా? తప్పు కూతురిది. నింద తన చేతుల మీద వేసుకుంది. అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా? చుట్టూ జనం ఉన్నారని చెప్పలేదు.

ఆ తర్వాత బిడ్డని ఉయ్యాల్లో వేశారు, పాటలు పాడారు. అందరూ సందడిలో ఉంటే నూకాలు ఊరికే కూర్చోలేక గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది. "గంజి వారుస్తానుండవే," అని గట్టు మీద తడిమి మసిగుడ్డ తీసింది. వెనకే వచ్చిన పేరిందేవి గుమ్మంలోనే నిలబడిపోయింది.

నూకాలు గుడ్డతో గిన్నె పట్టుకోబోయి ఆగింది. బొటనవేలు మూల మీద ఆగింది. మూడు ముందుకి, ఒకటి వెనక్కి.

ఇంకోసారి తడిమి చూసుకుంది. ఆ తర్వాత మెల్లిగా అంది.

"ఊడలేదే అమ్మా. గట్టిగానే ఉంది."

అంతే. ఆ గుడ్డతోనే అన్నం వార్చింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. భోజనం చేసింది. మనవరాలి బుగ్గ మీద మరోసారి చెయ్యేసి బండెక్కి వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తిట్టని తల్లి ముందు తలెత్తడం ఎంత కష్టమో నీకింకా తెలీదులే, తెలియకూడదు కూడా.

ఆ రాత్రి పేరిందేవి అన్నం తినలేదు. తెల్లారి లేవగానే ఆ మసిగుడ్డ తీసుకుని నూతి దగ్గర కూర్చుంది. ముందు కుంకుడు రసంతో ఉతికింది. మసి కొంచెం వదిలింది. అప్పుడు బూడిద నీళ్ళలో ఉడికించింది. ఇంకొంచెం వదిలింది. ఆ తర్వాత చౌడు మట్టి పెట్టి వేళ్ళు మండేదాకా రుద్దింది. మరకలు అలాగే ఉన్నాయి. అవన్నీ మూకుడు తుప్పు. సరే, రంగు వేస్తే కలిసిపోతాయనుకుంది. రంగు వెయ్యాలంటే ముందు కరక్కాయ నీళ్ళలో ముంచాలిగా. ముంచింది.

అంతే, చూస్తుండగానే ముక్క నల్లబడిపోయింది. ఎక్కడెక్కడ తుప్పుందో అక్కడల్లా కాటుకలాంటి నలుపు. కంగారుపడి దాన్ని తీసుకెళ్ళి ఎర్రబానలో వేసింది. తీసి చూస్తే ఇంకా నల్లగా ఉంది. మళ్ళీ వేసింది. మళ్ళీ నలుపే.

వెనకనుంచి మాణిక్యమ్మ గొంతు వినిపించింది. "ఇనుము తగిలిన గుడ్డకి కరక్కాయ తగిలితే నలుపే పుడుతుందే పిచ్చిదానా. ఇంక దానికి ఏ రంగూ ఎక్కదు. ఇన్నాళ్ళు మా ఇంట్లో ఉండి ఇది కూడా నేర్చుకోలేదా? ఇంతకీ ఏ గుడ్డ అది?"

పేరిందేవి అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. పట్టుముక్క సంగతి చెప్పింది. పొయ్యి వెనక దాచిన సంగతి చెప్పింది. అమ్మ అన్న మాట చెప్పబోయి, చెప్పలేక వెక్కివెక్కి ఏడ్చింది.

మాణిక్యమ్మ ఓదార్చలేదు. "మన వీధిలో అన్నీ ఒకే బానలో ఎందుకు వేస్తామనుకున్నావే? నీలాంటివాళ్ళు సిగ్గుపడకుండా ఉండాలనే. నువ్వు అదీ దక్కించుకోలేదు," అంది. ఆ తర్వాత, "వెళ్ళు. ఆ పట్టుముక్క ఊడదీసి ఇది కుట్టు. ఎర్రబొంత మధ్యలో నల్లముక్క ఏంటని అందరూ అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

పేరిందేవి కుట్టింది. కుట్లు వంకరపోయాయి. అయినా ఊడదియ్యలేదు.

అప్పుడు బిడ్డనీ బొంతనీ తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళింది. బొంత అమ్మ ఒళ్ళో పరిచింది. నూకాలు చెయ్యి మళ్ళీ నడిమధ్యకి పోయింది. ఈసారి ఎక్కువ వెతకలేదు. వేలు పిచ్చిక కాలు మీద ఆగింది. ముసలిదాని మొహం ఎలా వెలిగిందో ఏం చెప్పను.

"ఏ రంగొచ్చిందే?" అని అడిగింది.

చూడు, ఆవిడకి కళ్ళు లేవు. ఎర్రగా వచ్చిందమ్మా అంటే అయిపోయేది. ఎవరూ కాదనేవాళ్ళు లేరు. నాలుగో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పేరిందేవి దాన్ని మింగేసింది.

"నల్లగా వచ్చిందమ్మా. నా వల్లే. తప్పంతా నాదేనమ్మా."

నూకాలు కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. "నలుపైతే ఏమైందే? బిడ్డకి దిష్టిచుక్క పెట్టావనుకో," అంది.

ఆ మాటతో సిగ్గు పోయిందనుకున్నావా? పోలేదు. ఆ బొంత చూసి అడిగినవాళ్ళందరికీ పేరిందేవి ఈ కథ చెప్పేది. కుట్టు ఊడలేదే అన్న దగ్గరికొచ్చేసరికి మొహం గోడవైపు తిప్పుకునేది. జుట్టు నెరిసినా తిప్పుకునేది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మరి ఉయ్యాల్లో పిల్ల ఏమైందంటావా? ఏమవుతుంది? అప్పుడు పళ్ళు రాక బోసినవ్వు నవ్వేది. ఇప్పుడు పళ్ళూడి, ఇదిగో, నీ పక్కనే పడుకుని మళ్ళీ బోసినవ్వు నవ్వుతోంది.

ఏంటలా లేచి కూర్చున్నావ్? లైటెందుకు, వద్దు. మా అమ్మమ్మ చూసినట్టే చూడు. కాళ్ళ దగ్గర బొంత ఇలా లాగు. నడిమధ్యన ఉన్న ముక్క మూల వెతుకు. గుడ్డ అరిగిపోయింది, మెల్లిగా. దొరికిందా? ఎన్ని కుట్లు? ఆఁ, మూడు ముందుకి. మరి వెనక్కి? ఒకటి. ఊడలేదుగా? గట్టిగానే ఉందిగా?

నేను కప్పనా? నువ్వే కప్పుకుంటావా? సరే, నీ ఇష్టం. ఏడుపెందుకే పిచ్చిదానా. రేపు నీ నేస్తాలు వస్తే ఆ నలుపేంటో నువ్వే చెబుదువుగాని. ఇంక పడుకో.

కథేమో కంచికి, సూదేమో పెట్టెకి,
దారమేమో ఉండకి, పిచ్చికేమో గూటికి,
బొంతేమో ఒంటికి, నిద్దరేమో కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.