బొట్టు పెట్టిన రివాల్వరు

ఎవరు ఏది చెప్పినా తలూపే జగ్గరాజు పాలవలసలో ఉండేవాడు. ఆయన ప్రాణమంతా రెండింటి మీదే. ఒకటి కూతురు శ్యామల, రెండోది తాతగారి రివాల్వరు. దాని వయసు వందేళ్లు దాటింది. దాని చక్రంలో ఆరు అరలు. ఒక్కో అరలో తుపాకిమందు కూరి, సీసపు గుండు దిగ్గొట్టి పేల్చాలి. ఏటా దసరాకు జగ్గరాజు దాన్ని పైపైన తళతళా తోమి, పసుపు కుంకుమలు పూసి, కొబ్బరినీళ్లు చల్లి దణ్ణం పెట్టేవాడు. పేల్చింది మాత్రం ఎన్నడూ లేదు.

ఆ ఏడు ఏం బుద్ధి పుట్టిందో, పండగనాడు కూతురి చేత దాన్ని పేల్పిస్తానని ఊరంతా చెప్పేశాడు. చెప్పాక భయం పట్టుకుంది.

"పాత ఇనుము గట్టిదండి, ఈ కాలం సరుకులా కాదు!" అన్నాడు పోస్టుమాస్టరు. జగ్గరాజు తలూపాడు.

"పాతదా? చెయ్యి ఊడిపోతుందండి!" అన్నారు బడి మేష్టారు. దానికీ తలూపాడు.

"ఇన్నేళ్లు పూజలందుకున్నది కీడు చేస్తుందా?" అన్నారు పూజారిగారు. ఊపి ఊపి మెడ నొప్పి పుట్టింది తప్ప సంగతి తేలలేదు.

"నన్ను పేల్చమంటారా, వద్దంటారా నాన్నగారూ?" అని శ్యామల రోజూ అడిగేది. "ఊఁ" అనేవాడు జగ్గరాజు. ఏ ఊఁ దేనికో ఆయనకే తెలియదు.

చివరికి రివాల్వరు పట్టుకుని, తుపాకులు బాగుచేసే గఫూరు సాయిబు దగ్గరికి వెళ్లాడు.

"పేల్చొచ్చా, కూడదా? ఒక్క మాట చెప్పు సాయిబూ!"

"ఒక్క మాటలో తేలదండి రాజుగారూ. పాతవాటిలో పేల్చదగ్గవీ ఉంటాయి, పేల్చకూడనివీ ఉంటాయి. దీని సంగతి దీన్నే అడగాలి."

జగ్గరాజుకు ఉన్న మతి కూడా పోయింది.

సాయిబు పుల్లకు గుడ్డ చుట్టి ఒక అరలో తిప్పాడు. గుడ్డ ఎర్రగా వచ్చింది.

"కుంకుమ!" అన్నాడు జగ్గరాజు సంబరంగా.

"కుంకుమకు ఇనుములో గుంటలు పడవండి. ఇది తుప్పు. మీరు చల్లిన కొబ్బరినీళ్లు లోపలే ఉండిపోయాయి."

"పూజ చేస్తే పాడవడమేమిటయ్యా? తలా ఒకటి చెబుతుంటే నేను ఎవర్ని నమ్మను?" అని జగ్గరాజు ఏడుపు ముఖం పెట్టాడు.

సాయిబు అరల్లో మందు కూరి గుండ్లు దిగ్గొట్టాడు. ఊరి బయట రివాల్వరును ఒక మొద్దుకు కట్టాడు. దాని వెనక, శ్యామల ముఖం ఉండే చోట, పండగకు తెచ్చిన గుమ్మడికాయ పెట్టాడు. జగ్గరాజునూ శ్యామలనూ చూడవచ్చిన ఊరివాళ్లనూ మట్టిగోడ చాటుకు పంపి, తనూ అక్కడి నుంచే, మీటకు కట్టిన పొడుగాటి తాడు లాగాడు.

ఢాం! పొగ విడిపోయాక వెళ్లి చూస్తే చక్రం చీలిపోయి ఉంది. ఇనుప ముక్క ఒకటి గుమ్మడికాయలో సగం దాకా దిగింది.

జగ్గరాజు కాయను చూశాడు. కూతుర్ని చూశాడు. ఈసారి తల ఊపలేదు. కూతుర్ని పట్టుకుని భోరున ఏడ్చాడు.

నీతి: పూజ వస్తువుకు గౌరవాన్నిస్తుంది గాని బలాన్నివ్వదు, పాత ఆయుధాన్ని చేతికిచ్చే ముందు ఊరి మాటలు వినడం కాదు, తెలిసినవాడి చేత దాని లోపలంతా పరీక్ష చేయించాలి.