గాలి కనుమలో దిగే సూర్యుడు

ఎర్రబోడు అనే గుట్ట కింద పారే వంక ఆ ఏడు మాఘంలోనే ఎండిపోయింది. ఇసకలో ఒక్క చెలమ మిగిలింది. పొద్దున కాసిని, సాయంత్రం కాసిని నీళ్ళూరేవి అందులో. కుందేళ్ళు ఎప్పుడో వలసపోయాయి. అడవిపందులు నీళ్ళ కోసం తమలో తాము పొడుచుకుని, ఓడినవి పొలాల మీద పడి ఉచ్చుల్లో చచ్చాయి. ఇక మిగిలింది జింకల మంద. వాళ్ళు వరసగా నిలబడి పిల్లలకు ముందు తాగించేవాళ్ళు. పెద్దలు తడి ఇసకను నాకి సరిపెట్టుకునేవాళ్ళు.

ఆ మందకు పెద్ద నాగన్న. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, నిదానమైన మాట. ఆయన మాట మంద జవదాటేది కాదు. ఎంత కష్టంలోనూ ఆయన తన వాటా ముందు తాగింది లేదు.

బోడు నెత్తిన మనుషులు కట్టుకున్న గుండ్రటి గోపురం ఒకటుంది. పొద్దుగూకితే దాని కప్పు తెరుచుకుంటుంది. లోపలున్న పెద్ద దుర్భిణితో వాళ్ళు నక్షత్రాలు చూస్తారు. ఆ గోపురం వంటింటి వెనక ఎంగిలాకుల దగ్గర తిరిగే నక్క పేరు ఓబులేసు. మనుషులు అన్నాలు తింటూ మాట్లాడుకునేవన్నీ వాడి చెవిన పడేవి. ఎముకతో పాటు కబురూ దొరికేది.

ఓబులేసుకు ఒక స్నేహం ఉంది. బోడుకు పడమట గాలి కనుమ అని సన్నటి సందు, రెండు బండల మధ్య దారి. అందులో ఒక ముసలి చిరుత కాపురం. ముందు కాలు విరిగి సరిగా అతకలేదు. వెంటపడి పరిగెత్తలేదు, దగ్గరకొచ్చినదాని మీదికి ఒక్క దూకు దూకగలదు, అంతే. ఆమె వేటాడితే మిగిలింది తిని బతికేవాడు ఓబులేసు. ఆమెకే తిండి లేనప్పుడు వాడికి ఏం మిగులుతుంది?

"నువ్వు జింకల దగ్గరికి పోలేవు. జింకలే నీ దగ్గరికొస్తే?" అన్నాడు ఒకరోజు.

"బుద్ధున్న జింక ఏదైనా నా గుమ్మంలోకొస్తుందా?" అంది చిరుత.

"బుద్ధితో రాదులే అక్కా. దప్పికతో వస్తుంది. ఆ పని నాకొదిలెయ్."

ఆ సాయంత్రం ఓబులేసు చెలమ దగ్గరకొచ్చి దూరంగా కూర్చున్నాడు. నీళ్ళు అడగలేదు. మంద తాగడం అయ్యేదాకా ఆగి, నాగన్నను పలకరించాడు.

"ఏమప్పా నాగన్నా, ఇన్నాళ్ళూ నేలలోనే నీళ్ళు వెతికితివి. ఒక్కసారన్నా తలెత్తి చూస్తివా?"

నాగన్న తలెత్తాడు. పడమటి దిక్కున, గాలి కనుమకు పైన, చీకటి పడుతున్న ఆకాశంలో ఒక చుక్క. అంత మెరుపేమీ లేదు. పక్కనుండి ఎవరైనా చూపిస్తే తప్ప కంటికి ఆనేది కాదు.

ఓబులేసు నిదానంగా చెప్పుకొచ్చాడు. అది చుక్క కాదు, సూర్యుడు. మన సూర్యుడి లాంటివాడే, కొంచెం చిన్నవాడు, కొంచెం చల్లనివాడు. మనుషులు టౌ సెటి అని ఏదో నోరు తిరగని పేరు పెట్టారు. చుక్కల లెక్కలో మనకు ఇరుగుపొరుగు. మన భూమి మన సూర్యుడి చుట్టూ తిరిగినట్టే వాడి చుట్టూ కూడా భూములు తిరుగుతున్నాయట. అందులో ఒకటో రెండో మరీ వేడీ కాని, మరీ చలీ కాని చోట ఉన్నాయట, నీళ్ళు నిలవగలవట. గోపురంలో మనుషులు నిన్న అన్నం తినేటప్పుడు చెప్పుకున్న మాటే ఇది. ఇందులో తన సొంతం ఒక్క ముక్కా లేదు.

నిజంగానే లేదు. అక్కడిదాకా వాడు చెప్పిందంతా విన్నదే.

సొంతం ఆ తర్వాత మొదలైంది. ఆ సూర్యుడు రోజురోజుకూ కిందికి దిగుతున్నాడని, సరిగ్గా గాలి కనుమలో నేలను తాకుతాడని, ఆ వేళకు కనుమలో నిలబడ్డవాళ్ళు అటు అడుగు పెట్టొచ్చని చెప్పాడు. సందు ఇరుకు గనక ఒక్కో సాయంత్రం ఒక్కో ఇల్లే పోవాలి. పిలవనివాళ్ళు తొంగి చూస్తే తలుపు మూసుకుపోతుంది.

"అంత మంచి చోటైతే నువ్వే ఎందుకు పోలేదు?" అని అడిగాడు నాగన్న.

"నేను పోతే మీకు దారి చూపేదెవరప్పా? మీలో చివరివాళ్ళతో పాటు నేనూ ఎక్కుతా."

మంద నమ్మలేదు. దూరపు కొండలు నునుపని నవ్వారు కొందరు. కానీ మరుసటి సాయంత్రం చూస్తే ఆ చుక్క నిజంగానే కొంచెం కిందికి దిగింది. ఆ మరుసటి సాయంత్రం ఇంకొంచెం. చెలమలో నీళ్ళు కూడా అలాగే దిగుతున్నాయి. అందరూ పగలంతా చెలమను చూసి, సాయంత్రం చుక్కను చూసేవాళ్ళు. చూడగా చూడగా నవ్వేవాళ్ళు తగ్గారు.

నాగన్న కూతురు చెన్నమ్మ అప్పుడు నిండు చూలాలు. తిండి లేక నిలబడితే కాళ్ళు వణికేవి. ఈ ఎండలో ఈనితే తల్లీ బిడ్డా దక్కరని అందరికీ తెలుసు. మందను పంపే ముందు, మందకు పెద్దైన తన ఇల్లే కదలాలని నాగన్న తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. కూతురికి తోడు తన తమ్ముడు సుంకన్నను పంపాడు.

సుంకన్న బయల్దేరేటప్పుడు భార్య ఈరమ్మ మెడ మీద తల ఆనించి, అక్కడెలా ఉందో చూసి మళ్ళీ వస్తానని, వచ్చి తనే తీసుకుపోతానని మాటిచ్చాడు.

సాయంత్రాల పూట గాలి మైదానం మీంచి కనుమలోకి వీస్తుంది. లోపలి వాసన బయటికి రాదు. ఆ ఇద్దరూ సందులోకి పోవడం మంద దూరం నుంచి చూసింది. తర్వాత ఏమీ వినపడలేదు.

సుంకన్న తిరిగి రాలేదు.

"వస్తాడా చెప్పు! పచ్చిక, నీళ్ళు, నీడ. అది వదిలి ఈ బూడిదలోకి ఎవడొస్తాడు?" అన్నాడు ఓబులేసు.

ఆ మాట మందకు నచ్చింది. పోయినవాళ్ళు రాకపోవడమే అక్కడ బాగుందనడానికి సాక్ష్యమైంది. ఆ తర్వాత ఒక ఇల్లు పోయింది. ఇంకో ఇల్లు పోయింది. మిగిలినవాళ్ళు తమ వంతెప్పుడని నాగన్నను అడగసాగారు. ముందు పోతామని కొట్లాడుకున్నారు కూడా.

ఈరమ్మ ఒక్కతే కొట్లాడలేదు. సుంకన్న మాట తప్పేవాడు కాదు. చిన్నప్పుడు ముళ్ళకంచెలో చిక్కుకున్న తన చిన్న తమ్ముడికి మళ్ళీ వస్తానని చెప్పి, తోడేళ్ళు తిరిగే దారిన వెనక్కి పోయినవాడు. నీళ్ళు చూసి భార్యను మరిచాడంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంకొకటి కూడా ఆమె కంట్లో పడింది. మందలో అందరి డొక్కలూ వీపుకు అంటుకుపోతుంటే, ఓబులేసు డొక్క నిండుతోంది. వాడి బొచ్చు నిగనిగలాడుతోంది.

ఆమె బోడు ఎక్కింది. గోపురం పక్కన ఎండిన చండ్రచెట్టు తొర్రలో ఒక ముసలి గుడ్లగూబ ఉండేది. అరిస్తే అరిష్టమని అడవిలో ఎవరూ ఆమెతో మాట్లాడేవాళ్ళు కాదు. దాంతో ఆమెకు వినడమే అలవాటైంది. ఈరమ్మ అడిగిందానికి కాసేపు ఆలోచించి జవాబు చెప్పింది.

"ఆ సూర్యుడు ఉన్న మాట నిజమే తల్లీ. చుట్టూ భూములున్నాయో లేవో అని ఈ మనుషులింకా తగువులాడుకుంటున్నారు. ఉన్నాయనుకో. ఆ వెలుగు అక్కడ బయల్దేరి ఇక్కడికి రావడానికే పుష్కరం పడుతుందంట. ఈ సాయంత్రం నీ కంట్లో పడేది, నువ్వు పుట్టకముందు బయల్దేరిన వెలుగు. వెలుగుకే అంత దూరమైతే కాళ్ళకెంత?"

"మరి అది కిందికి దిగుతోంది కదవ్వా?"

"ఏటా దిగుతుంది. ఈ కాలంలో పడమట మునుగుతుంది, వానాకాలానికి తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. నీకోసం దిగడం కాదది. ఇంకో మాట కూడా అనుకున్నారు వీళ్ళు. ఆ సూర్యుడి చుట్టూ బండలూ దుమ్మూ మన దగ్గరకంటే ఎన్నో రెట్లంట. అక్కడ నేలంటూ ఉంటే దాని మీద వాన కాదు, రాళ్ళు కురుస్తుంటాయేమో అన్నారు. నక్క ఈ ముక్క చెప్పలేదా?"

చెప్పలేదంది ఈరమ్మ.

"నక్క ఎక్కడ, నాకలోకం ఎక్కడ. మీవాళ్ళు ఎక్కడికి పోయారో నేను చూళ్ళేదు. పైకి మాత్రం పోలేదు" అంది గుడ్లగూబ.

ఈరమ్మ కిందికొచ్చి మంద ముందు అంతా చెప్పింది. ఎవరూ కోపగించుకోలేదు మొదట. గూబ మాట వినొచ్చావా అని ముఖాలు తిప్పుకున్నారు. పిల్లల తల్లులు మాత్రం మండిపడ్డారు. మొగుడు రాలేదన్న ఏడుపుతో మా పిల్లల నోట్లో మట్టి కొడతావా అన్నారు.

ఆమె నాగన్న కాళ్ళ దగ్గర కూలబడింది.

"బావా, నువ్వన్నా ఆలోచించు. కనుమలోకి పోయి ఒక్కసారి చూసిరా."

నాగన్న పడమటికి తల తిప్పుకున్నాడు. ఆయన కళ్ళు కనుమ మీద ఉన్నాయి.

"నా బిడ్డ చల్లగా ఉంది ఈరమ్మా. ఈపాటికి ఈని కూడా ఉంటుంది. ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర అనకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంకో ఇల్లు కనుమలోకి పోయింది. ఒక తల్లి, ఆమెతో కవల పిల్లలు. చెలమ దగ్గర అందరికంటే ముందు తాగేవి ఆ పిల్లలే. పోయేటప్పుడు వాళ్ళు గెంతుకుంటూ పోయారు. ఈరమ్మ అడ్డం పడబోతే మంద కొమ్ములతో ఆమెను వెనక్కి తోసింది.

నిజం చెప్పి వీళ్ళను ఆపలేనని ఆమెకు ఆ సాయంత్రం అర్థమైంది. నమ్మకాన్ని కాదంటే మీద పడతారు. ఆ నమ్మకంతోనే నక్కను పట్టాలనుకుంది.

తెల్లారి ఆమె అందరి ముందూ తల వంచి, తప్పు మాట్లాడానని ఒప్పుకుంది. గూబ మాట విని చెడ్డానంది. ఓబులేసుకు మొక్కింది. తర్వాత ఆకాశం చూపిస్తూ అడిగింది.

"అన్నా, నీ సూర్యుడు కొండంచుకు దిగిపోయాడు. రేపో ఎల్లుండో కనపడకుండా పోతాడు. ఇల్లొకటి చొప్పున పంపితే సగం మంది ఇక్కడే ఎండిపోతాం. ఈ సాయంత్రం మందంతా ఒకేసారి పోకూడదా?"

ఓబులేసు నోరూరింది. మందంతా సందులో ఇరుక్కుంటే చిరుత ఒక్కదాన్ని కొట్టినా తొక్కిసలాటలో పదో ఇరవయ్యో పడతాయి. ఎండాకాలమంతా కూర్చుని తినొచ్చు. చెల్లెమ్మ మంచి మాట చెప్పిందన్నాడు.

"మందంతా పోతే ఇక్కడ దారి చూపించడానికి ఎవరూ మిగలరు. చివరివాళ్ళతో నువ్వూ ఎక్కుతానంటివి. అది ఈరోజే. ఇంత మేలు చేసినవాడివి, నువ్వే ముందు నడవాలన్నా. నువ్వెక్కేది కళ్ళారా చూసి, దణ్ణం పెట్టి, నీ వెనక మేమొస్తాం."

మందంతా అవునంది. నాగన్న కూడా అదే మర్యాదన్నాడు. ఓబులేసు ఏదో చెప్పబోయాడు. చుట్టూ అన్ని కళ్ళు తన మీదే ఉన్నాయి. కాదంటే ఇన్నాళ్ళ కథ అక్కడే తెగిపోతుంది. చిరుత తనది, కనుమ తనది, భయమేముందని తల ఊపాడు.

మునిమాపు వేళ మంద కనుమ ముందు ఆగింది. ఓబులేసు ఒక్కడే సందులోకి నడిచాడు. తోక నిటారుగా పెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, బండ మీద ఏదో కదిలింది. చిరుతకు చూపు కూడా మందగించింది. మసకచీకట్లో వస్తున్నది నాలుగు కాళ్ళదన్నదే ఆమెకు కనపడింది. ఒళ్ళు కూడదీసుకుంది.

ఓబులేసు అది చూశాడు. గొంతెత్తాడు.

"ఆగక్కా, నేను. ఓబులేసుని. జింకలు నా వెనకే ఉన్నాయి. మంద మొత్తం తెచ్చినా."

రాళ్ళ మధ్య ఆ మాట బయటిదాకా వచ్చింది. మందంతా వింది. తర్వాత తల్లులు పిల్లలను ముందుకు నెట్టుకుంటూ మైదానం మీదికి పరుగు తీశారు. డెక్కల చప్పుడు దూరమైంది.

"వెనకున్నాయంటివి. ఏవీ?" అంది చిరుత.

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. కనుమ బయట ఖాళీ.

"రేపు తెస్తానక్కా. వేరే కథ చెప్తా."

"అవి పోయాయి. నువ్వున్నావు" అంది చిరుత.

ఆమెకు దూకాల్సినంత దూరం కూడా లేదు.

పొద్దుటికి మంద వంక అవతల పొదల్లో పోగైంది. తలలు లెక్క చూసుకుంటే నాగన్న లేడు. ఈరమ్మ ఒక్కతే వెనక్కి వెళ్ళింది. చిరుత కడుపు నిండి పైబండ మీద నిద్రపోతోంది. గాలి తిరిగింది, లోపలి వాసన ఇప్పుడు ఎదురొస్తోంది. సందు చివర చిన్న గుంటలో ఎముకలు. సుంకన్న కొమ్ము ఒకటి ఆమె గుర్తుపట్టింది. దాని పక్కన ఏమేం ఉన్నాయో చూడకుండా కళ్ళు తిప్పుకుంది.

నాగన్న ఆ గుంట అంచున మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"పోదాం రా బావా. మంద కనిపెట్టుకునుంది. తూర్పున ఏదో ఏరుందని కొంగలంటున్నాయి, నడుద్దాం" అంది.

ఆయన తల తిప్పలేదు.

"గూబ మాట నువ్వు చెప్పిన పూటే నాకు తెలిసింది ఈరమ్మా. నిజమని ఒప్పుకుంటే, నా బిడ్డను నేనే ఇక్కడికి పంపినట్టు. అది మొయ్యలేక ఆ సాయంత్రం ఆ కవల పిల్లలను కూడా పంపినాను."

  పైబండ మీద చిరుత ఒత్తిగిల్లిన చప్పుడైంది. ఈరమ్మ మళ్ళీ ఒకసారి ఆయనను పిలిచింది. ఆయన లేవలేదు.

ఆమె వెనక్కి వచ్చి మందను తూర్పుకు నడిపించింది. దారిలో చాలామంది పడిపోయారు. ఏరు చేరినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో పిల్లలు ఇంకా తక్కువ.

సగం నిజం చూపించి రమ్మనేవాణ్ణి ముందు నడవమనాలి. ఆ మాట అనడానికి ఆలస్యమయ్యే కొద్దీ, అనేవాళ్ళు తగ్గిపోతారు.