వేయించిన మట్టి

మట్టిలో పురుగులుంటాయి, పురుగులుంటే రోగాలొస్తాయి అని రాజవైద్యుడు శంభుశాస్త్రి తేల్చేశాడు. అంతే, రాజుగారి మందుల తోటలో మట్టినంతా తవ్వించి, శనగలు వేయించినట్టు పెద్ద పెద్ద మూకుళ్లలో వేయించి, మళ్లీ పోయించాడు. మిగిలిపోయిన నాలుగు తట్టల పచ్చిమట్టిని పారబోయమని తోటపని చేసే మంగతాయికి చెప్పాడు.

మూడు నెలలు గడిచి ఎండలు ముదిరేసరికి, రాజుగారి దగ్గుకు వాడే అడ్డసరం మొక్కలు తలలు వాల్చేశాయి.

"ఇది నీళ్లు పోయడం లేదు ప్రభూ! పనిలోంచి తీసేయండి" అన్నాడు శాస్త్రి నిండు సభలో మంగతాయిని చూపిస్తూ.

మంగతాయి బెదరలేదు. చెంబుడు కాచిన పాలు తెప్పించి ఆయన ముందు పెట్టింది. "అలాగే పోతాను బాబయ్యా. ముందు తమరు ఈ పాలను తోడు వేయకుండా పెరుగు చేసి చూపించండి."

"తోడు లేకుండా పెరుగెలా అవుతుందే, పిచ్చిదానా?"

"మట్టీ అంతే బాబయ్యా. అందులో కంటికి కనపడని జీవాలుంటేనే మొక్క ఎండకు ఓర్చుకుంటుంది. తమరు ఆ తోడునే వేయించేశారు."

రాజు ముందుకు వంగాడు. "తోటలో మొక్కలు వాడిపోతే, పది రోజులుగా నువ్వు తెచ్చిస్తున్న, నా దగ్గు తగ్గిస్తున్న ఆకు ఎక్కడిది?"

"శాస్త్రిగారు పారబోయమన్న మట్టిని మా పెరట్లోనే పారబోశాను ప్రభూ. అందులో నాటిన అడ్డసరం కొమ్మల ఆకే అది."

రాజు పకపకా నవ్వాడు. ఒక్క దగ్గైనా రాలేదు.

మర్నాడు పొద్దున్నే శంభుశాస్త్రి, పెరుగు తోడుకు పొరుగింటికొచ్చిన కొత్తకోడలిలా, గిన్నె పట్టుకుని మంగతాయి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా మంగతాయీ, కాస్త తోడు ఉంటే ఇస్తావా?"